మూడో దేశంలో పుట్టబోయే బిడ్డకు ఏ పౌరసత్వం వస్తుంది?

ఎడారిగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాది ఇండియన్ పాస్‌పోర్ట్, మా ఆవిడది బ్రిటిష్ పాస్‌పోర్ట్. ఇద్దరం ఉద్యోగాల మీద యూఏఈలో ఉంటున్నాం. వచ్చే నెలలో డెలివరీ, ఇక్కడే. బిడ్డ ఏ దేశ పౌరుడు అవుతాడో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. తల్లి బ్రిటిష్ కాబట్టి ఆటోమేటిక్‌గా బ్రిటిష్ అని ఆఫీసులో ఒకాయన. తండ్రి ఇండియన్ కాబట్టి ఇండియనే అని మా బాబాయి. పుట్టిన చోటే హక్కు వస్తుందని ఇంకొకరు. వింటున్నకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

ఒక వివరం చెప్పాలి. మా ఆవిడ పుట్టింది ఇండియాలో. అప్పటికే మా మామగారు బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నారు. అత్తగారు ఇండియాలో ఉన్న సమయంలో ఈమె పుట్టింది, కొన్ని వారాలకే వెనక్కి తీసుకెళ్లారు. డిగ్రీ దాకా చదువంతా ఇంగ్లండ్‌లోనే. కాబట్టి ఇది పెద్ద తేడా కాదనుకుంటున్నాను.

రెండో ప్రశ్న: మా ఆవిడ ద్వారా నాకు బ్రిటిష్ పౌరసత్వం వచ్చే దారి ఉందా?

నల్లకోటు

ఎడారిగాలి గారూ, మీరు చిన్నదనుకుంటున్న ఆ వివరమే అన్నిటికంటే పెద్దది. మీ ఆవిడ ఎక్కడ పుట్టారన్న దాని మీదే మీ బిడ్డ సంగతి ఆధారపడి ఉంది.

ముందు ఒక పద్ధతి చెబుతాను. ఎవరు తమ పౌరులో ఏ దేశానికి ఆ దేశమే తన చట్టంతో నిర్ణయించుకుంటుంది. 1930 హేగ్ ఒప్పందంలో కూడా ఇదే రాసుకున్నారు. అందుకని 'బిడ్డ ఏ దేశస్థుడు' అని ఒకే ప్రశ్న వేస్తే జవాబు దొరకదు. మీ విషయంలో మూడు దేశాలున్నాయి. మూడింటినీ విడివిడిగా అడగాలి.

యూఏఈ: విదేశీ తల్లిదండ్రులకు అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. ఆ దారి మూసేయండి.

బ్రిటన్: 1981 చట్టం (1983 జనవరి 1 నుంచి అమల్లో ఉంది) బ్రిటిష్ పౌరులను రెండు రకాలుగా చూస్తుంది. ఆ దేశంలో పుట్టినవాళ్లు, అక్కడ దరఖాస్తు పెట్టుకుని నాచురలైజ్ అయినవాళ్లు ఒక రకం. విదేశంలో పుట్టి, అమ్మానాన్నల ద్వారా పౌరసత్వం పొందినవాళ్లు రెండో రకం. మొదటి రకం వాళ్లకు విదేశంలో బిడ్డ పుడితే ఆ బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్. రెండో రకం వాళ్లకు విదేశంలో బిడ్డ పుడితే, ప్రభుత్వ సర్వీసులో ఉండటం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, ఆటోమేటిక్‌గా రాదు. మామగారు మొదటి రకం, మీ ఆవిడ రెండో రకం. ఇద్దరి పాస్‌పోర్టులూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే చాలామందికి ఈ సంగతి బిడ్డ పుట్టేదాకా తెలియదు.

ఇండియా: 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు, తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైనా, పుట్టిన ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయిస్తేనే పౌరసత్వం. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి.

సూటిమాట

బ్రదర్, మా కొలీగ్ భార్య బ్రిటిష్. వాళ్ల బాబు ఇదే గల్ఫ్‌లో పుట్టాడు, ఏ గొడవా లేకుండా బ్రిటిష్ పాస్‌పోర్ట్ వచ్చింది. మీరు అనవసరంగా ఆయన్ని భయపెడుతున్నారేమో.

నల్లకోటు

ఆ తల్లి ఎక్కడ పుట్టారో అడగండి. బ్రిటన్‌లోనే పుట్టి ఉంటారు, లేదా అక్కడ నాచురలైజ్ అయి ఉంటారు. అలాంటప్పుడు చట్టమే బిడ్డను పౌరుడిగా గుర్తిస్తుంది, నేరుగా పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు పెట్టుకోవడమే. పక్కింటివాళ్లకు అయింది కదా అని చూసుకోకండి. ఒక తరం తేడా వస్తే జవాబే మారిపోతుంది.

ఎడారిగాలి

నల్లకోటు గారూ, చదివాక చేతులు ఆడటం లేదు. అంటే నా బిడ్డ పుట్టిన రోజున ఏ దేశానికీ చెందకుండా ఉంటాడా?

చిరునామా

ఎడారిగాలి గారూ, ముందు మంచినీళ్లు తాగండి. దీనికి దారి ఉంది, అదీ సులువైన దారే. పని ఆలస్యం కాకూడదు, అంతే.

నేను ఏ దేశమూ తమ పౌరులని ఒప్పుకోని కుటుంబాలకు కాగితాల విషయంలో సాయం చేసే పనిలో ఉన్నాను. మీ బిడ్డ లాంటి కేసులు నాకు కొత్త కాదు. తల్లి వైపు చట్టం ఒక తరం దగ్గర ఆగిపోతుంది, తండ్రి వైపు చట్టం నమోదు చేయించమంటుంది, పుట్టిన దేశం తల్లిదండ్రులను చూస్తుంది. ముగ్గురూ తమ చట్టం ప్రకారం సరిగానే ఉంటారు, మధ్యలో బిడ్డ మిగిలిపోతుంది. మీ దగ్గర ఆ ఖాళీని ముందుగా నింపేది ఆ కాన్సులేట్ నమోదే.

కాగితం మీద ఏడాది గడువు ఉంది. కానీ యూఏఈలో పుట్టిన బిడ్డకు 120 రోజుల్లోపు రెసిడెన్స్ వీసా వేయించాలి. వీసా వేయాలంటే పాస్‌పోర్ట్ కావాలి. కాబట్టి మీకున్న అసలు గడువు నాలుగు నెలలే అనుకోండి.

ఇక మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు, పేర్లు. మీ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, ఆస్పత్రి రికార్డులో ఇంటిపేరు వెనక్కి వెళ్లి అసలు పేరు ముందుకొస్తుంది. బర్త్ సర్టిఫికెట్‌లో మీ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టుల్లో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే పడాలి. అడ్మిషన్ రోజే పాస్‌పోర్ట్ కాపీలు ఇచ్చి, సర్టిఫికెట్ ప్రింట్ కాకముందే స్క్రీన్ మీద ఒకసారి చూపించమని అడగండి. తర్వాత దిద్దించుకోవడం చాలా కష్టం. పెళ్లి సర్టిఫికెట్ అటెస్టేషన్ కాకపోతే ఈ వారమే మొదలుపెట్టండి.

సెలయేరు

ఒక మాట తమ్ముడూ. డెలివరీకి బ్రిటన్ వెళ్లే వీలుంటే? అక్కడ పుడితే తల్లి ఏ రకం బ్రిటిష్ అయినా బిడ్డ పుట్టుకతో పౌరుడే కదా?

నల్లకోటు

అవునక్కా, సరిగ్గా చెప్పారు. ఆ దేశంలో పుట్టి, తల్లిదండ్రుల్లో ఒకరు బ్రిటిష్ పౌరులు గానీ అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నవారు గానీ అయితే చాలు. పైగా అలా పుట్టిన బిడ్డ మొదటి రకం పౌరుడవుతాడు. రేపు అతని పిల్లలు ఎక్కడ పుట్టినా ఈ సమస్య రాదు.

ఎడారిగాలి

డాక్టరు ఇప్పుడు విమానం ఎక్కొద్దన్నారు అక్కా. బీపీ కొంచెం ఎక్కువగా ఉంది. పాస్‌పోర్ట్ కోసం ఆ రిస్క్ తీసుకోలేను. ఇక్కడే అవుతుంది.

సెలయేరు

మంచి నిర్ణయం. తల్లి ఆరోగ్యం ముందు.

నల్లకోటు

అయితే రెండో దారి చూద్దాం. బ్రిటిష్ చట్టంలో మూడో సెక్షన్ కింద, రెండో రకం పౌరులకు విదేశంలో పుట్టిన పిల్లలను 18 ఏళ్లలోపు పౌరులుగా రిజిస్టర్ చేయించుకునే హక్కు ఉంది. దీనికి రెండు షరతులు చూస్తారు. మీ ఆవిడ పుట్టేనాటికే మామగారు మొదటి రకం బ్రిటిష్ పౌరుడై ఉండాలి. మీ ఆవిడ, ఈ బిడ్డ పుట్టకముందు ఎప్పుడైనా, వరసగా మూడేళ్లు బ్రిటన్‌లో ఉండి ఉండాలి, ఆ మూడేళ్లలో దేశం బయట గడిపింది 270 రోజులు దాటకూడదు. చదువంతా అక్కడే అన్నారు కాబట్టి అది తేలికే.

మీరు వెతకాల్సింది మామగారి నాచురలైజేషన్ సర్టిఫికెట్. దాని మీద తేదీ మీ ఆవిడ పుట్టిన తేదీకి ముందు ఉండాలి. స్కూలు, కాలేజీ రికార్డులు కూడా సంపాదించి పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. ఇండియా నమోదు సమయంలో బిడ్డకు వేరే దేశ పాస్‌పోర్ట్ లేదని తల్లిదండ్రులు డిక్లరేషన్ ఇవ్వాలి. ఇండియా రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అందుకని ముందు ఇండియన్ నమోదు, పాస్‌పోర్ట్, వీసా పూర్తి చేసుకోండి. బ్రిటిష్ రిజిస్ట్రేషన్‌కు 18 ఏళ్ల దాకా టైముంది, తొందరపడి రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. దానికి వెళ్లే ముందు భారత పౌరసత్వం ఏమవుతుందో కాన్సులేట్‌ను రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి.

సూటిమాట

మూడు చట్టాలు చదివితే గానీ బిడ్డకు ఒక దేశం దొరకడం లేదంటే బాధగానే ఉంది. కానీ నా అభిప్రాయం చెబుతాను. పుట్టిన చోటును బట్టి పౌరసత్వం ఇవ్వడం ఎందుకు? తల్లిదండ్రులకు ఆ దేశంతో ఏ సంబంధమూ లేకపోయినా, ప్రయాణంలో పుట్టినా పౌరుడేనా? తల్లిదండ్రులను చూసి ఇవ్వడమే న్యాయం. అన్ని దేశాలూ అటే వెళ్తున్నాయి కూడా.

పాతపుటలు

అన్నీ కాదు గానీ చాలా దేశాలు వెళ్లాయి. తేదీలు చూడండి. బ్రిటన్ 1983లో, ఆస్ట్రేలియా 1986 ఆగస్టులో, ఐర్లండ్ 2004 రెఫరెండం తర్వాత 2005 జనవరి నుంచి, న్యూజీలాండ్ 2006 జనవరి నుంచి షరతులు పెట్టాయి. అమెరికా, కెనడాతో పాటు లాటిన్ అమెరికాలో చాలా దేశాలు పుట్టిన చోటు నియమాన్నే ఉంచుకున్నాయి.

మన ఇండియా కథ మన వాళ్లలోనే చాలామందికి తెలియదు. రాజ్యాంగం వచ్చిన 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఇండియాలో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతో భారత పౌరులు. విదేశీ రాయబారుల పిల్లల లాంటి కొద్దిపాటి మినహాయింపులే. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబర్ 3 ముందు దాకా పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. ఆ తర్వాత పుట్టినవాళ్లకు ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ములు కూడా పుట్టిన తేదీని బట్టి వేర్వేరు నియమాల కిందికి వస్తారు. అందుకే ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే నేను ముందు పుట్టిన తేదీ అడుగుతాను, ఊరు తర్వాత.

అమెరికాలో పుట్టినవాళ్లకు పౌరసత్వం ఇచ్చే 14వ రాజ్యాంగ సవరణ 1868లో వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదని ఓడరేవులోనే ఆపేశారు. అతను కోర్టుకెళ్లాడు. 1898లో సుప్రీంకోర్టు అతను పుట్టుకతో పౌరుడేనని తీర్పు చెప్పింది. చైనా వాళ్లు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే హక్కే లేని రోజుల్లో వచ్చిన తీర్పు అది. తండ్రికి పౌరసత్వం తీసుకునే వీలే లేదు, కొడుకు మాత్రం పుట్టుకతోనే పౌరుడు. 2025 జనవరి 20న ఆ హక్కును కుదించే ఉత్తర్వు అధ్యక్షుడి నుంచి వచ్చింది, వెంటనే కోర్టుల్లో సవాలు చేశారు. అమెరికాలో డెలివరీ ఉన్నవాళ్లు పాత పోస్టులు నమ్ముకోకుండా తాజా పరిస్థితి చూసుకోండి.

చిరునామా

సూటిమాట గారూ, మీ వాదనలో నాకు నచ్చని చోటు ఒకటుంది. తల్లిదండ్రుల సంబంధమే చూడాలన్నారు. మరి ఆ దేశంలోనే పుట్టి, అక్కడి బడిలో చదివి, అక్కడి భాష తప్ప మరొకటి రాని పిల్లకు తల్లిదండ్రుల దేశంతో ఉన్న సంబంధం ఏమిటి?

2013లో డొమినికన్ రిపబ్లిక్ రాజ్యాంగ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. సరైన కాగితాలు లేని విదేశీయులకు పుట్టినవాళ్లు పౌరులు కారంది. దాన్ని 1929 నుంచి పుట్టినవాళ్లకు వర్తింపజేసింది. ఎక్కువగా హైతీ మూలాలున్న కుటుంబాలు. అప్పటిదాకా పౌరులుగా బతికినవాళ్లు, ఓటు వేసినవాళ్లు ఒక్క తీర్పుతో ఎవరూ కాకుండా పోయారు. మరుసటి ఏడాది కొంతమందికి ఊరటనిచ్చే చట్టం తెచ్చారు, అది అందరికీ చేరలేదు. బర్మాలో 1982 చట్టం తర్వాత పౌరసత్వం దక్కని రోహింగ్యా ముస్లింల పరిస్థితి ప్రపంచమంతా చూసింది. 'తల్లిదండ్రులను చూడాలి' అన్న మాటను ఆ తల్లిదండ్రుల తల్లిదండ్రుల దాకా లాగితే కాగితం లేనివాళ్లే నష్టపోతారు. నేను ఇలాంటి పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫారాలు నింపుతాను. పరీక్ష ఫీజు కట్టడానికి వెళ్తే ఐడీ నంబర్ అడుగుతారు, అక్కడే ఆగిపోతారు.

సూటిమాట

మీరు చెప్పింది కాదనను. నేను అనేది, పుట్టడంతో పాటు అక్కడ పెరగడం కూడా చూడాలని.

నల్లకోటు

ఆ రెండూ కలిపిన చట్టాలు ఉన్నాయండి. బ్రిటన్‌లో పుట్టి మొదటి పదేళ్లు అక్కడే పెరిగిన బిడ్డ, తల్లిదండ్రుల హోదా ఏదైనా, రిజిస్ట్రేషన్‌కు హక్కుదారు. ఆస్ట్రేలియాలో పుట్టి పదేళ్లు నిండేదాకా అక్కడే నివసిస్తే దరఖాస్తు కూడా అక్కర్లేదు, పదో పుట్టినరోజున చట్టమే పౌరుడిని చేస్తుంది. ఫ్రాన్స్‌లో విదేశీ తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డ 11 ఏళ్ల తర్వాత కనీసం ఐదేళ్లు అక్కడ ఉంటే 18 ఏళ్లకు పౌరసత్వం వస్తుంది. నాకు వీటిలో ఆస్ట్రేలియా పద్ధతే బాగుందనిపిస్తుంది. ఫారం నింపడం తెలియని ఇంట్లో పుట్టినా బిడ్డ నష్టపోదు.

రక్తసంబంధానికీ హద్దులు వస్తున్నాయి. తాతముత్తాతలు ఇటలీ నుంచి వలస వెళ్లినా కాగితాలు చూపిస్తే ఇటలీ పౌరసత్వం గుర్తించేవాళ్లు. 2025 మార్చిలో దాన్ని బాగా కుదించి, తల్లిదండ్రులు లేదా తాత, అమ్మమ్మ తరం దగ్గర ఆపేశారు.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. మర్యాద నిలిపినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎడారిగాలి గారి రెండో ప్రశ్న, పెళ్లి ద్వారా పౌరసత్వం, ఇంకా మిగిలి ఉంది.

నల్లకోటు

అది చిన్న జవాబే. పెళ్లి పౌరసత్వాన్ని తెచ్చిపెట్టదు, కొన్ని దేశాల్లో దారిని దగ్గర చేస్తుంది. బ్రిటిష్ పౌరుల భర్తకో భార్యకో ఐదేళ్ల బదులు మూడేళ్ల నివాసం చాలు. కానీ ఆ మూడేళ్లు బ్రిటన్‌లోనే ఉండాలి, శాశ్వత నివాస హక్కు వచ్చి ఉండాలి. మీరు యూఏఈలో ఎన్నేళ్లు కాపురం చేసినా లెక్కలోకి రాదు. అమెరికాలో గ్రీన్‌కార్డ్ తర్వాత ఐదేళ్లకు బదులు మూడేళ్లు. స్పెయిన్‌లో పదేళ్లకు బదులు ఒక్క ఏడాది. కెనడాలో ఏ తగ్గింపూ లేదు, అందరిలాగే ఐదేళ్లలో 1,095 రోజులు ఉండాల్సిందే.

పాతపుటలు

పెళ్లి సంగతి వచ్చింది కాబట్టి ఒక పాత కథ. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఒకప్పుడు చాలా దేశాల్లో భార్య పౌరసత్వం భర్తతోనే పోయేది. 1907 అమెరికా చట్టం ప్రకారం విదేశీయుడిని పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కోల్పోతుంది. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఎథెల్ మెకంజీ బ్రిటిష్ పౌరుడిని పెళ్లి చేసుకుంది. ఆ రాష్ట్రంలో స్త్రీలకు ఓటు హక్కు రావడం కోసం పనిచేసిన మనిషి ఆవిడ. హక్కు వచ్చాక ఓటరుగా నమోదు చేసుకోబోతే, నువ్వు ఇప్పుడు అమెరికన్‌వి కావని తిప్పి పంపారు. 1915లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్నే సమర్థించింది. 1922లో గానీ దాన్ని సడలించలేదు, అప్పుడైనా పూర్తిగా కాదు.

పిల్లల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ కాలం నడిచింది. బోట్స్‌వానాలో యూనిటీ డౌ అనే లాయర్ అమెరికన్‌ను పెళ్లాడింది. పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ బోట్స్‌వానా పౌరురాలు, పెళ్లి తర్వాత అదే దేశంలో అదే తల్లికి పుట్టిన ఇద్దరు కాదు. ఆవిడ కోర్టుకెక్కి 1992లో గెలిచింది. జపాన్‌లో 1985 దాకా తండ్రి పౌరసత్వమే లెక్క. మన ఇండియాలో కూడా విదేశంలో పుట్టిన బిడ్డకు తల్లి ద్వారా పౌరసత్వం 1992 డిసెంబర్ 10 నుంచే. అంతకుముందు తండ్రి భారతీయుడైతేనే. కువైట్, ఖతార్, లెబనాన్ లాంటి దేశాల్లో తల్లికి ఇప్పటికీ తండ్రితో సమానమైన హక్కు లేదు.

వానచినుకు

ఈ చర్చ చదువుతుంటే నా ప్రశ్న కూడా అడగాలనిపించింది. నేను ఇండియన్‌ని, ఇక్కడే ఉంటాను. మావారు విదేశీయులు, పెళ్లై మూడేళ్లయింది. ఆయనకు భారత పౌరసత్వం ఎలా?

నల్లకోటు

వానచినుకు గారూ, భారత పౌరులను పెళ్లి చేసుకున్నవారు ఏడేళ్లు ఇండియాలో నివసించాక రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. చివరి 12 నెలలు విరామం లేకుండా ఇక్కడే ఉండాలి, అంతకుముందు ఎనిమిదేళ్లలో ఆరేళ్లు ఉండాలి. పెళ్లి సంబంధం లేనివారికి నాచురలైజేషన్ దారి ఇంకా పొడవు, 12 ఏళ్లు. అందులో ఒక షరతు మనందరికీ సంతోషం కలిగించేది: రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏదో ఒక భాష తగినంత వచ్చి ఉండాలి. హిందీయే అక్కర్లేదు, తెలుగు వస్తే చాలు.

ఈలోగా ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు చూడండి. రిజిస్టరైన పెళ్లి రెండేళ్లు కొనసాగితే అర్హత ఉంటుంది. కానీ ఓసీఐ అంటే పౌరసత్వం అనుకోకండి. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనలేరు. విడాకులైతే ఆ కార్డూ పోతుంది.

సెలయేరు

దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం తెచ్చుకోవడం గురించి నేను రాస్తాను. మా ఇంట్లో నేనూ, మా అమ్మా ఈ మధ్యే అమెరికాలో ప్రమాణం చేశాం.

గ్రీన్‌కార్డ్ వచ్చి ఐదేళ్లు నిండటం ఒక్కటే చూసుకుంటారు మనవాళ్లు. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు ఆ దేశంలో భౌతికంగా ఉండాలి. ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే నివాసం తెగిపోయిందేమోనని అడుగుతారు, ఏడాది దాటితే తెగినట్టే. మనవాళ్లు అమ్మానాన్నలకు బాగోలేదని వెళ్లి నెలల తరబడి ఉండిపోతారు, ఇక్కడే దెబ్బ తింటారు. ప్రతి ప్రయాణం తేదీలూ పాస్‌పోర్ట్ ముద్రలతో సరిపోవాలి. నేను ఒక నోట్‌బుక్‌లో వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, ఫ్లైట్ నంబర్ రాసుకున్నాను. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఒక్కో ప్రయాణం అడుగుతుంటే ఆ పేజీ చూసి చెప్పాను.

ఇప్పుడు పరీక్ష కూడా మారింది. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవారికి 128 ప్రశ్నల జాబితా, 20 అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు 100 ప్రశ్నల్లో 10 అడిగేవారు, ఆరు చెబితే సరిపోయేది.

మా అమ్మకు ఇంగ్లిష్ రాదు. 55 ఏళ్లు దాటి గ్రీన్‌కార్డ్ మీద 15 ఏళ్లు ఉన్నవారికి, 50 దాటి 20 ఏళ్లు ఉన్నవారికి ఇంగ్లిష్ పరీక్ష మినహాయింపు. దేశ చరిత్ర ప్రశ్నలకు దుబాసీ సాయంతో సొంత భాషలో జవాబు చెప్పొచ్చు. అమ్మ తెలుగులో చెప్పింది. అంతర్యుద్ధం ఎందుకు వచ్చిందని అడిగితే 'మనుషుల్ని బానిసలుగా పెట్టుకున్నందుకు' అంది. ఆ దుబాసీ అమ్మాయి ఇంగ్లిష్‌లో చెప్పగానే ఆఫీసర్ తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు. మీ పెద్దవాళ్లకు భాష రాదని వెనక్కి లాగకండి, ఈ వెసులుబాటు వాళ్ల కోసమే ఉంది.

పిల్లల సంగతి: 18 ఏళ్లలోపు గ్రీన్‌కార్డ్ ఉండి, పౌరసత్వం వచ్చిన తల్లి లేదా తండ్రి సంరక్షణలో వాళ్లతోనే అక్కడ ఉంటున్న పిల్లలు, 2001 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టంతో ఆటోమేటిక్‌గా పౌరులవుతారు. వాళ్లకు పరీక్ష లేదు. మా పెద్దవాడికి అప్పటికి పదిహేడు నడుస్తోంది. కొన్ని నెలలు ఆలస్యమైతే వాడు విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది.

సూటిమాట

అక్కా, ఇండియన్ పాస్‌పోర్ట్ ఏం చేశారు?

సెలయేరు

సరెండర్ చేశాం. ప్రమాణం చేసిన క్షణం నుంచి భారత చట్టం తొమ్మిదో సెక్షన్ కింద మన పౌరసత్వం దానంతటదే పోతుంది, ప్రత్యేకంగా ఎవరూ రద్దు చేయరు. ఆ తర్వాత పాత పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేస్తే నేరం. కాన్సులేట్‌కు పంపి సరెండర్ సర్టిఫికెట్ తీసుకుంటేనే ఓసీఐకి దరఖాస్తు చేసుకోగలం. పాస్‌పోర్ట్ కవర్లో పెట్టేటప్పుడు అమ్మ ఏడ్చింది. నాకూ గుండె బరువెక్కింది. ఇది ఫారాల్లో ఎక్కడా ఉండదు గానీ, నిర్ణయం తీసుకునే ముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

పాతపుటలు

డబ్బు పెట్టి కొనుక్కునే దారి గురించి ఎవరూ అడగలేదు, రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. 1984లో సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అనే చిన్న కరీబియన్ దేశం పెట్టుబడికి పౌరసత్వం మొదలుపెట్టింది. మాల్టా కూడా అదే బాట పట్టింది. 2025 ఏప్రిల్ 29న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, పౌరసత్వాన్ని సరుకులా అమ్మడం కుదరదని మాల్టాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఏళ్ల తరబడి రోజులు లెక్కపెట్టుకుంటూ దరఖాస్తు చేసేవాళ్లను చూశాక ఆ తీర్పు నాకు న్యాయంగానే అనిపించింది.

ఎడారిగాలి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మామగారికి ఫోన్ చేశాను. నాచురలైజేషన్ సర్టిఫికెట్ భద్రంగా ఉందట, ఫొటో పంపారు. దాని మీద తేదీ మా ఆవిడ పుట్టడానికి రెండేళ్ల ముందుది. స్కూలు రికార్డుల కోసం ఆమె ఈరోజే మెయిల్ పెట్టింది. పెళ్లి సర్టిఫికెట్ అటెస్టేషన్‌కు ఇచ్చాను. మీరు చెప్పినట్టు ముందు ఇండియన్ నమోదు, పాస్‌పోర్ట్, వీసా. బ్రిటిష్ రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత ఇద్దరం తీరిగ్గా ఆలోచించుకుంటాం.

ఒక్క అనుమానం. మా ఆవిడ పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంది. పెళ్లి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరుతో రాశారు. బర్త్ సర్టిఫికెట్‌లో ఏది వేయించాలి?

చిరునామా

పాస్‌పోర్ట్‌లో ఉన్నదే వేయించండి. పెళ్లి సర్టిఫికెట్‌లోని పేరు, పాస్‌పోర్ట్‌లోని పేరు ఒకే మనిషివని ఒక అఫిడవిట్ చేయించి, అటెస్టేషన్‌కు ఇచ్చిన కాగితాలతో పాటే దాన్నీ పంపండి. డెలివరీకి ముందే చేతికొస్తుంది. బిడ్డ పుట్టాక ఇక్కడొక పోస్టు పెట్టండి, ఎదురుచూస్తుంటాం.